ఇల్లు దాటకముందే చేతికి రావాల్సిన పనులేవి?

మానేరు_ఒడ్డు (కరీంనగర్)

మా చిన్న తమ్ముడు బీటెక్ పూర్తి చేశాడు. వచ్చే నెల హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరుతున్నాడు. వాడికి ఏం నేర్పి పంపాలా అని ఆలోచిస్తున్నా. కష్టపడు, పొదుపు చెయ్యి, అందరితో మంచిగా ఉండు అని అమ్మ ఎలాగూ చెప్తుంది. నేను అడుగుతున్నది చేసి చూపించగలిగే పనుల గురించి. ఒక ఆదివారం కూర్చోబెట్టి నేర్పితే జీవితమంతా పనికొచ్చేవి.

నా వంతుగా వంట. అన్నం, పప్పు, చారు, ఏదో ఒక వేపుడు వస్తే చాలు. గ్యాస్ సిలిండర్ మార్చడం కూడా అందులో భాగమే. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్, ఫ్యాను స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలని వాడికి నిన్ననే చెప్పా. మీ మీ పనుల్లో రోజూ చూసే వాటిలోంచి చెప్పండి.

గుంటూరు_సిస్టర్

నేను క్యాజువాల్టీలో స్టాఫ్ నర్సుని. మొట్టమొదట సీపీఆర్ నేర్పండి బాబూ. పదో తరగతి పిల్లలు కూడా గంటలో పట్టేస్తారు.

మనిషి కుప్పకూలాడు. భుజాలు తట్టి గట్టిగా పిలిచినా పలకడం లేదు. ఊపిరి లేదు, లేదా ఆగాగి ఎగశ్వాస తీస్తున్నాడు. ఈ ఎగశ్వాస చూసి ఊపిరి ఆడుతోందిలే అని చాలామంది ఆగిపోతారు, అక్కడే విలువైన నిమిషాలు పోతాయి. పక్కనున్న ఒకరిని వేలెత్తి చూపించి 'నువ్వు 108కి చెయ్యి' అనాలి. ఎవరైనా ఫోన్ చేయండి అని అరిస్తే ఇంకెవరో చేస్తారులే అని అందరూ నిలబడి చూస్తారు. తర్వాత మనిషిని నేల మీదికి దించాలి. మంచం మీద నొక్కితే పరుపు దిగుతుంది తప్ప ఛాతీ దిగదు. ఛాతీ నడిమధ్య ఎముక మీద అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాలి. పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకే ఎవరికైనా బలం తగ్గిపోతుంది, అప్పుడు ఇంకొకరు అందుకోవాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు.

ఎముక విరుగుతుందేమో అని వెనకాడతారు. విరిగిన ఎముక మేం అతికిస్తాం. ఆగిన గుండెని ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చాక మా చేతుల్లో మిగిలేది చాలా తక్కువ.

ఏం చేయకూడదో తెలియడం కూడా విద్యే. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలగుత్తి పెట్టి గట్టిగా పట్టుకోమంటారు. ఇనుముకీ ఫిట్స్‌కీ ఏ సంబంధమూ లేదు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, ఒక పక్కకి తిప్పి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108. నోట్లో ఏదీ పెట్టొద్దు, నీళ్లు కూడా పొయ్యొద్దు. ఒళ్లు కాలితే పేస్టు, సిరా, పసుపు ఏదీ రాయకూడదు. కుళాయి కింద మామూలు చన్నీళ్లు ఇరవై నిమిషాలు పారనివ్వాలి. పురుగుమందు కడుపులోకి వెళితే సబ్బు నీళ్లు, పేడ నీళ్లు తాగించి కక్కించకండి. ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయి పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఆ డబ్బా మాత్రం వెంట తీసుకురండి. దాని మీద పేరు చూస్తే మాకు సగం పని అయిపోతుంది.

పాలమూరు_రైతు

సిస్టర్ గారూ, పాము కాటు కూడా చెప్పండి. మా వైపు వానాకాలం మొదలైతే ఇదే భయం. ఇంకా బ్లేడుతో కోసేవాళ్లు, తాడు బిగించి కట్టేవాళ్లు ఉన్నారు.

గుంటూరు_సిస్టర్

కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. బిగించి కట్టిన తాడు వల్ల కాలు కుళ్లిన కేసులు మేం చూస్తూనే ఉంటాం. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయాలి, వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. విరిగిన ఎముకకి కట్టినట్టు ఆ కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా తీసుకురావాలి. పామును చంపి తేనక్కర్లేదు. దాని వెంటపడి రెండో మనిషి కాటు తిన్న సందర్భాలున్నాయి. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి పనిచేసేదే.

కట్లపాముతో ఇంకా జాగ్రత్త. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గ్యాస్ నొప్పి అని సోడా తాగిస్తూ కూర్చోకండి.

లంక_గోదారి (కోనసీమ)

ఈత. మా లంకల్లో పిల్లలు ఎండు సొరబుర్రలు నడుముకి కట్టుకుని కాలవలో నేర్చుకునేవాళ్లు. తెలంగాణలో బావుల్లో బెండ్లు కట్టి దింపేవాళ్లని మా కరీంనగర్ స్నేహితులు చెబుతారు. ఇప్పుడు ఊళ్లో పిల్లలకే రావడం లేదు, సిటీ పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

అయితే ఈత వచ్చినంత మాత్రాన సరిపోదు. నీళ్లని చదవడం రావాలి. 2014 జూన్ 8 గుర్తుందా? హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన లార్జి డ్యాం గేట్లు తెరవడంతో వచ్చిన వరదలో కొట్టుకుపోయారు. ఆ వరదలో గజ ఈతగాడు కూడా నిలవడు. డ్యాంకి దిగువన రాళ్ల మీదకి దిగకూడదు, ఎంత ఎండగా ఉన్నా, నీళ్లు ఎంత తక్కువగా కనిపించినా. నీటి రంగు ఒక్కసారిగా మట్టిగా మారినా, చెత్త కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఒడ్డుకి కాదు, గట్టు మీదికే వెళ్లిపోవాలి.

ఇంకొకటి. మునుగుతున్నవాడి కోసం దూకకండి. వాడు మీ మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. చీర, పంచె, వెదురుగడ, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా ఏది దొరికితే అది అందించండి. మన ఊళ్లలో ఒకరిని రక్షించబోయి ఒకరుగా ముగ్గురు, నలుగురు పోయిన వార్త ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం.

సిస్టర్ గారూ, నీళ్లలోంచి తీసినవాళ్లకీ మీరు చెప్పినట్టే నొక్కాలా?

గుంటూరు_సిస్టర్

వాళ్లకి ముందు నోటితో ఊపిరి ఊది, ఆ తర్వాత ఛాతీ నొక్కాలి. ఊపిరి అందకే గుండె ఆగింది కాబట్టి. కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం సినిమాల్లో చూసినవి. అవి చేయొద్దు.

రెవెన్యూ_విశ్రాంతి (తణుకు)

డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. ప్రాణం తర్వాత మన ఇళ్లలో అంత విలువిచ్చేది భూమికే. కానీ దాని కాగితం చదవడం పిల్లలకి ఎవరూ నేర్పరు. నాన్న పోయిన తర్వాత బీరువా తెరిచి, ఆ కట్టలో ఏది దేనికో తెలియక మా ఆఫీసుకి వచ్చి నిలబడ్డవాళ్లని ఎందరినో చూశాను. నాన్న ఉండగానే ఒక పూట కూర్చుని ఆ కట్ట విప్పించుకోండి.

ఏం చూడాలంటే, దస్తావేజు చివర్లో షెడ్యూలు ఉంటుంది. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాసి ఉంటాయి. తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన పంటబోదె, ఇలా. ఆ కాగితం పట్టుకుని పొలం గట్టు మీదికి వెళ్లి, తూర్పు వైపు నిలబడి, ఇది ఇప్పుడు ఎవరిదని పక్క రైతుని అడగాలి. హద్దుదారు పేరు మారి ఉండొచ్చు, బోదె పూడిపోయి ఉండొచ్చు. అది ఇవాళే తెలిస్తే పరిష్కారం తేలిక. తర్వాత లెక్కలు. ఎకరం అంటే 100 సెంట్లు, 40 గుంటలు, 4,840 చదరపు గజాలు. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. కోస్తాలో సెంట్లు, తెలంగాణలో గుంటలు, వెంచర్లలో గజాలు. ఈ మూడింటి మధ్య మార్చుకోలేనివాడిని బ్రోకరు ఎటైనా తిప్పగలడు.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించగానే భూమి నికరంగా ఉందని అనుకోవద్దు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనపడతాయి. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు, నోటిమాట పంపకం, కౌలు, అన్నదమ్ముల తగాదా అందులో ఉండవు. అందుకే లింకు దస్తావేజులన్నీ, అంటే భూమి గతంలో చేతులు మారినప్పటి పాత దస్తావేజులు, వరసగా చూడాలి. ఆంధ్రలో అయితే 1బీ (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) కూడా తీసి పేర్లు, విస్తీర్ణాలు సరిపోలాయో లేదో చూడాలి. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025 చట్టంతో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా అందులో కనపడేదీ, మీ దగ్గరున్న పాస్‌బుక్కూ, నేల మీద ఉన్నదీ మూడూ ఒకటిగా ఉండాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడటం తప్పనిసరి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కొనడానికి 1977 నాటి చట్టం అడ్డొస్తుంది. తర్వాత వచ్చిన సవరణల మినహాయింపు ఉందని ఎవరైనా అంటే, అది మీ సర్వే నంబరుకి వర్తిస్తుందని తహసీల్దారు ఆఫీసులో కాగితం మీద రాయించుకున్నాకే ముందుకెళ్లండి. జీపీఏ (మన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) మీద అమ్మకం చేస్తే యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. అయినా ఇంకా ఆ పేరుతో ప్లాట్లు అంటగడుతున్నారు.

ఆడపిల్లలకి ప్రత్యేకంగా చెబుతున్నాను. పూర్వీకుల ఆస్తిలో కూతుళ్లకి సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 సవరణతో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఏదో కాగితం మీద సంతకం పెట్టమని పుట్టింటివాళ్లు పిలిస్తే, అది హక్కు విడుదల పత్రమా, పంపక పత్రమా, ఉత్త సాక్షి సంతకమా అని చదివి తెలుసుకునే హక్కు మీకుంది. చదివాక ఇష్టపూర్వకంగా వదులుకుంటే అది మీ ఇష్టం.

బెజవాడ_కుర్రాడు

బాబాయ్ గారూ, నాకు ఇరవై మూడు. ఇవన్నీ చదువుతుంటే టెన్షన్ వస్తోంది. మా వయసులో భూమి కొనేదెవరు? ఉన్న ఒక్క పనిలో గట్టిగా ఆరితేరితే డబ్బు వస్తుంది, డబ్బుంటే లాయరూ డాక్టరూ దొరుకుతారు. అన్నీ మనమే నేర్చుకోవాలంటే అసలు పని ఎప్పుడు నేర్చుకోవాలి?

రెవెన్యూ_విశ్రాంతి

మంచి ప్రశ్న బాబూ. లాయరు పని నువ్వు చేయనక్కర్లేదు. లాయరు ఇచ్చిన కాగితం చదివి 'ఇక్కడ హద్దు ఎందుకు మారింది సార్' అని అడగగలిగితే చాలు. ఆ ప్రశ్న అడిగే క్లయింటు కాగితాన్ని ఎవరైనా రెండుసార్లు చూస్తారు.

నల్లమల_దారి

నేను ఒక్కటే చెప్తాను, నా దృష్టిలో అన్నిటికన్నా అవసరమైనది: అయినవాళ్లకి కాదని చెప్పడం. ముఖ్యంగా హామీ సంతకం దగ్గర. ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకి మేనమామో, బావో, నాన్న స్నేహితుడో వస్తారు. 'ఊరికే ఫార్మాలిటీ అమ్మా, జీతం సర్టిఫికెట్ ఇచ్చి ఒక సంతకం పెట్టు.' పెట్టకపోతే పెద్ద ఉద్యోగం వచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయంటారు. మా వీధిలో ఒక టీచరమ్మ చిట్టీ పాడుకున్న తోటి ఉద్యోగికి హామీ ఉండి, అతను మానేస్తే తన జీతంలోంచి కట్టింది. ఆ ఏళ్లలో ఆమె కూతురి చదువు ఆగింది. హామీ అడిగినాయన మాత్రం అదే వీధిలో బండి మీద తిరిగేవాడు.

బ్యాంకు_కౌంటర్

నల్లమల గారు చెప్పింది అక్షరాలా నిజం. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. ముందు అతణ్ని అడగండి, అతని ఆస్తి అమ్మండి, తర్వాత నా దగ్గరికి రండి అనే హక్కు హామీదారుకి మామూలుగా ఉండదు. బ్యాంకు ఎవరి దగ్గర సులువుగా వసూలవుతుందో వాళ్లనే ముందు అడుగుతుంది. నెలనెలా జీతం వచ్చేవాళ్లు అందరికన్నా సులువు. మీ సిబిల్ రికార్డులో (అప్పుల చరిత్రలో) కూడా పడుతుంది, రేపు మీ ఇంటి లోను ఆగుతుంది.

ప్రామిసరీ నోటు గురించీ చెప్పాలి. ఊళ్లలో ఖాళీ నోటు మీద సంతకం, వేలిముద్ర తీసుకునే అలవాటు ఇంకా పోలేదు. అంకె, అక్షరాలు, తేదీ, వడ్డీ అన్నీ రాసిన తర్వాతే సంతకం. బాకీ తీర్చిన రోజే నోటు వెనక్కి తీసుకోవాలి, 'రేపు వెతికి ఇస్తాలే' అంటే ఆ రేపు దాకా డబ్బు మీ జేబులోనే ఉండాలి. కొంత కట్టినప్పుడు నోటు వెనక జమ రాసి సంతకం పెడతారు. ఆ సంతకంతో బాకీ కోసం కోర్టుకెళ్లే మూడేళ్ల గడువు మళ్లీ ఆ తేదీ నుంచి మొదలవుతుంది. అప్పిచ్చినవాళ్లకీ తీసుకున్నవాళ్లకీ ఇద్దరికీ తెలియాల్సిన విషయం ఇది.

మానేరు_ఒడ్డు

కాదని చెప్పాలి సరే. కానీ మన ఇళ్లలో ఆ మాట ఎట్లా అంటాం? మా మేనమామ అడిగితే మా అమ్మ మొహం చూసి మా తమ్ముడు సంతకం పెట్టేస్తాడు.

నల్లమల_దారి

అందుకే ముందుగా నేర్చుకోవాలంటున్నాను అన్నా. అడిగినప్పుడు ఆలోచిస్తే కుదరదు. నేను చేసేది చెప్తాను. నా స్థాయికి తగ్గ మొత్తం ఒకటి మనసులో పెట్టుకుంటాను, అది తిరిగి రాకపోయినా నాకు నష్టం లేనంత. 'మామయ్యా, సంతకం పెట్టను. ఇప్పుడు నా దగ్గర ఇది ఉంది, తీసుకో, వీలైనప్పుడు ఇవ్వు' అంటాను. ఇంట్లో వాళ్లతో ఉద్యోగం వచ్చిన రోజే చెప్పేశాను, హామీ సంతకాలు ఎవరికీ పెట్టను అని. అప్పుడు అది ఫలానా మామయ్యని అవమానించినట్టు అవదు. మా అమ్మే ఇప్పుడు అడగొచ్చినవాళ్లతో 'అది ఎవరికీ పెట్టదు లెండి' అని చెప్పేస్తుంది.

పాలమూరు_రైతు

అమ్మా, నీ మాట కాదనను గానీ, హామీ సంతకం లేకపోతే మాలాంటోళ్లకి అప్పే పుట్టదు. మా అన్న పెట్టిన సంతకంతోనే నాకు బోరుకి లోను వచ్చింది, పైసా బాకీ లేకుండా తీర్చినా. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. ఎవరికి పెట్టాలో తెలుసుకోవడం కూడా తెలివే.

నల్లమల_దారి

ఒప్పుకుంటున్నాను పెద్దన్నా. మీ అన్నకి మీ బోరు, మీ పంట, మీ లెక్క అన్నీ తెలుసు. ఆ లెక్క చూపించకుండా అడిగేవాళ్ల గురించే నా బాధ.

డల్లాస్_గోంగూర

ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే పిల్లలకి ఇదే సంగతి ఇంకో రూపంలో ఎదురవుతుంది. నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెడతారు. చాలా లీజుల్లో నలుగురూ ఉమ్మడిగానూ, ఎవరికి వారుగానూ పూర్తి అద్దెకి బాధ్యులని రాసి ఉంటుంది. ఒకరు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఆ వాటా మిగిలిన ముగ్గురి మీదా పడుతుంది. పేరు మార్పించకుండా వెళ్లనివ్వొద్దు. హెల్త్ ఇన్సూరెన్స్‌లో డిడక్టబుల్ అంటే ఏమిటో విమానం ఎక్కకముందే తెలుసుకోండి. ఆ మొత్తం దాకా చాలా ఖర్చులు మనమే పెట్టుకోవాలి. మిగతాదానికి మానేరు గారు చెప్పిన పప్పూ చారే దిక్కు.

వేతనచీటీ (హైదరాబాద్)

పేరోల్‌లో పనిచేస్తాను. పిల్లలు ఆఫర్ లెటర్‌లో సీటీసీ (ఏడాదికి మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) చూసి పన్నెండుతో భాగించి అంత జీతం అనుకుంటారు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే కలిసి ఉంటాయి. చేరకముందే 'చేతికి నెలకి ఎంత వస్తుంది' అని హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగడం తప్పు కాదు.

పీఎఫ్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత బాధపడేది దీని దగ్గరే. ఉద్యోగి బేసిక్, డీఏ మీద 12 శాతం, కంపెనీ 12 శాతం. కంపెనీ వాటాలోంచి 8.33 శాతం పెన్షన్ పథకానికి వెళ్తుంది, అదీ 15,000 వేతన పరిమితి మీదే లెక్క కాబట్టి నెలకి 1,250కి మించదు. 2014 సెప్టెంబరు నుంచి 15,000 దాటిన బేసిక్‌తో మొదటిసారి చేరినవాళ్లకి ఆ పెన్షన్ భాగం ఉండదు, అంతా పీఎఫ్‌లోకే వెళ్తుంది. పెన్షన్ ఉన్నవాళ్లకి కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. ఉద్యోగం మారిన ప్రతిసారీ పాత డబ్బంతా విత్‌డ్రా చేసుకుంటే ఆ సర్వీసు లెక్క తెగిపోతుంది. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. అందుకని ఒకటే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంచుకుని ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి.

ప్రతినెలా పాస్‌బుక్ చూడటం అలవాటు చేయండి. ముందు నెల డబ్బు కంపెనీ ఈ నెల 15లోగా జమ చేయాలి. జీతంలో కోత పడి, పాస్‌బుక్‌లో జమ కనపడకపోతే రెండో నెలకి ఆగకుండా రాతపూర్వకంగా అడగాలి. చేరిన వారంలోనే ఈ-నామినేషన్ పెట్టించండి. ఇరవై రెండేళ్లవాడికి ఎందుకనుకోవద్దు, పీఎఫ్‌తో పాటు ఉండే బీమా 7 లక్షల దాకా ఉంటుంది, అది అందాల్సింది అమ్మానాన్నలకి. పెళ్లయ్యాక మళ్లీ కొత్తగా పెట్టాలి, పెళ్లితో పాత నామినేషన్ చెల్లకుండా పోతుంది.

వైజాగ్_సైట్

ఇప్పటిదాకా అన్నీ మోసపోకుండా ఉండటం గురించే వచ్చాయి. బెజవాడ తమ్ముడు అడిగినదానికి నేను జవాబిస్తాను, పనిలో ఆరితేరడం గురించి.

సివిల్ సైట్లో ఉంటాను. కొత్తగా వచ్చే ఇంజనీర్లలో ఎవరు నిలబడతారో మొదటి నెలలోనే తెలిసిపోతుంది, మార్కులు చూసి కాదు. జరిగింది జరిగిన రోజే రాసేవాడు నిలబడతాడు. మా దగ్గర కాలమ్ పోసిన రోజు దాని మీదే తేదీ రాస్తారు. ఆ తేదీ చూసే షట్టరింగ్ ఎప్పుడు విప్పాలో, ఎన్ని రోజులు నీళ్లు పట్టాలో తెలుస్తుంది. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ కలిపిన వాటికి పది రోజులు తడిపి ఉంచాలి. తేదీ రాయని కాలమ్ దగ్గర మేస్త్రీ ఒకటంటాడు, సూపర్‌వైజర్ ఒకటంటాడు, నీళ్లు పట్టడం ఆగిపోతుంది. కొలతల పుస్తకం కూడా అంతే. పునాది పూడ్చకముందే టేపు పట్టి, లోతు వెడల్పులు అక్కడికక్కడే రాసి, కాంట్రాక్టరు మనిషితో సంతకం చేయించాలి. పూడ్చాక ఎవరు చెప్పినా గొడవే. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమైనా ఇదే పద్ధతి. ఈరోజు ఎవరు ఏం చెప్పారు, నేను ఏం ఒప్పుకున్నాను, ఏది ఆగింది, ఎందుకు. సాయంత్రం నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

రెండోది, మేస్త్రీని అడగడం. పాతికేళ్లు కడ్డీ వంచిన మనిషి పక్కన నిలబడి 'ఇది ఇలా ఎందుకు కట్టారు' అని అడిగితే ఏ కాలేజీలోనూ దొరకని పాఠం దొరుకుతుంది. మా సైట్లో ఒక బెండర్ ఉన్నాడు, డ్రాయింగ్ చూడగానే బీము, కాలమ్ కలిసేచోట కడ్డీలు ఇరుక్కుని కాంక్రీటు దిగదని చెప్పేశాడు. డిజైన్ ఆఫీసుకి పంపితే వాళ్లు సవరించి పంపారు. అతన్ని 'ఏయ్' అని పిలిచే ఇంజనీరుకి ఆ మాట ఎప్పటికీ చెప్పేవాడు కాదు.

బెజవాడ_కుర్రాడు

ఇది బాగుంది అన్నా. సాయంత్రం రాయడం ఇవాళ్టి నుంచే మొదలుపెడతా.

బ్యాంకు_కౌంటర్

సైబర్ మోసాలు ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా. యూపీఐలో డబ్బు పంపడానికి పిన్ కొట్టాలి, రావడానికి పిన్ అక్కర్లేదు. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని రాత్రంతా దాచుకుని పొద్దున వచ్చేవాళ్ల డబ్బు అప్పటికే అయిదారు ఖాతాలు దాటిపోతుంది. ఈ మాట ఇంట్లో అమ్మానాన్నలకి కూడా మీ తమ్ముడి చేతే చెప్పించండి.

ఒంగోలు_పంతులు

తెలుగు టీచరుని. ఒక పేజీలో అర్జీ రాయడం నేర్పండి. ఎవరికి, ఎవరి నుంచి, విషయం ఒక వాక్యంలో, జరిగింది తేదీలతో, నాకు ఏం కావాలి, జతపరిచిన కాగితాలు, సంతకం. కథ ఎక్కువై కోరిక కనపడని అర్జీలు నా దగ్గరికి ఎన్నో వస్తాయి. 'తమరు దయతలచి' అని నాలుగు వరసలు రాస్తారు, సర్వే నంబరు మర్చిపోతారు. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చినా, ఎక్కడిచ్చినా రసీదు నంబరు లేకుండా బయటికి రాకూడదు.

జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. 'నా పని ఎందుకు చేయలేదు' అని అడిగితే సమాచారం కాదని పక్కన పెట్టేస్తారు. 'ఫలానా తేదీన ఇచ్చిన, ఫలానా నంబరు గల నా అర్జీపై ఇప్పటివరకు తీసుకున్న చర్యల నోట్ ఫైలు నకలు ఇవ్వండి' అని అడగాలి. ఈ ఒక్క వాక్యంతో మా ఊళ్లో ఏళ్లుగా ఆగిన పెన్షన్లు కదిలాయి.

మానేరు_ఒడ్డు

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ ఆదివారం నాన్నతో బీరువా తెరిపిస్తున్నాం, తమ్ముడి చేతే షెడ్యూలు చదివిస్తా. సీపీఆర్ మా ఊరి పీహెచ్‌సీలో నేర్పుతారేమో కనుక్కుంటున్నా.

ఇంకొక్కటి, ఇది అర్జెంటు. ఇప్పుడే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. చేరే రోజు పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి రెండేళ్లు వాళ్ల దగ్గరే ఉంచాలట. ఇవ్వాలా?

వేతనచీటీ

ఇవ్వొద్దు. చూపించడం వేరు, వదిలిపెట్టి రావడం వేరు. సరిచూసుకుని వెంటనే తిరిగి ఇవ్వమనండి. ఫోన్లో మాట్లాడితే ఆధారం మిగలదు, మెయిల్‌కి మెయిల్‌తోనే జవాబు. పంతులు గారు చెప్పిన పద్ధతిలో ఇలా రాయించండి, ఇంగ్లీషులోకి మీ తమ్ముడే మార్చుకుంటాడు:

'మీ మెయిల్ అందింది. చేరే రోజు నా సర్టిఫికెట్లన్నీ ఒరిజినల్స్ తీసుకువస్తాను, మీరు పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వగలరు. సంతకం చేసిన జిరాక్సు కాపీల సెట్ మీకు ఇస్తాను. డిజిలాకర్‌లో ఉన్నవాటి లింకులూ పంపగలను. ఒరిజినల్స్ మీ దగ్గర ఉంచే నిబంధన ఆఫర్ లెటర్‌లో లేదు కాబట్టి, ఈ పద్ధతి సమ్మతమేనని తెలియజేయగలరు.'

పంపేముందు ఆఫర్ లెటర్‌లో ఆ నిబంధన నిజంగా లేదో, బాండు పేరుతో ఎక్కడైనా ఇరికించారో మొత్తం చదవండి. ఉంటే ఆ పేరా ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు తీసేసి. రాత్రికి చూస్తాను.